మడత లోపలి మరక

బేరం చెడితే ఎక్కడ చెడిందో ఆ సాయంత్రమే లెక్క చూసుకోవడం నా అలవాటు. మా మేనకోడలు ప్రాజెక్టు స్లైడ్లు చూపించి మొదటిసారి ఫెయిలైనప్పుడూ అదే చేశాను. తను తెర వైపు తిరిగి, అక్కడున్నదంతా అక్షరం వదలకుండా చదివిందట. ఎదుట కూర్చున్నవాళ్లకు జడ తప్ప ముఖం కనపడలేదు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే చివరి సంవత్సరం మొత్తం మళ్లీ చదవాలి.

నాది కర్టెన్ గుడ్డల కొట్టు. పిల్ల ప్రాజెక్టు కూడా నా సరుకు మీదే. కొట్టు వెనక గోడౌన్‌లో ఒకే కొలతల గదులు రెండున్నాయి. ఎండ పడే కిటికీలకు రకరకాల గుడ్డలు కట్టి, లోపల వేడి ఎంత తగ్గుతుందో కొలిచింది. నేను గొప్పగా చెప్పి అమ్మే మందపాటి వెల్వెట్ కన్నా, పల్చటి కర్టెన్ వెనక చవక తెల్ల లైనింగు కుడితే గది ఎక్కువ చల్లగా ఉంటుందని తేల్చింది. నా నీడన కూర్చుని నా వెల్వెట్ గొంతు కోసింది. ఏం చేస్తాం, అక్క కూతురు.

మధ్యాహ్నం కొట్లోకి ఎవరూ రాని వేళ చూసి, "ఏదీ, నాకు అమ్ము" అన్నాను.

"ఇది అమ్మకం కాదు మామయ్యా."

"వాళ్లు కొనాలా, వద్దా?"

మొదటి స్లైడు నిండా చీమల బారుల్లా అక్షరాలు.

"ఇదేంటే, మందు డబ్బాలో వచ్చే కాగితమా?"

"మర్చిపోతానేమోనని..."

"నీ భయం తెర మీద రాసిపెడితే వాళ్లూ అదే చదువుతారు. తీసెయ్."

తానులన్నీ ఒకదాని మీద ఒకటి పరిచేస్తే కొనేవాళ్లకు ఏదీ ఆనదు. అందుకని స్లైడుకు ఒక్క బొమ్మో, ఒక్క గీతో ఉంచమన్నాను. తేలిన సంగతి మొదటి మాటలోనే చెప్పెయ్యమన్నాను. నా కళ్లలోకి చూసి మాట్లాడమన్నాను. గుమ్మంలో కూర్చుని వింటున్న మా అక్క, "వాడి మొహం చూస్తే నవ్వొస్తుందే, నన్ను చూసి చెప్పు" అంది.

నాలుగైదు మధ్యాహ్నాలకు గొంతు నిలబడింది. మిగిలింది ఒక్క గ్రాఫు. అందులో ఒకనాటి గీత అడ్డం తిరిగింది. ఆ రోజు లైనింగు కట్టిన గదే ఎక్కువ వేడెక్కింది.

"ఇదెందుకు పెట్టావు?"

"నిజంగా జరిగింది కదా మామయ్యా. ఎందుకో తెలీదు."

"తానులో మరక ఉంటే ఏం చేస్తాం? మడత లోపలికి తిప్పి చూపిస్తాం. అబద్ధమాడం. అడిగితే విప్పుతాం."

"అడక్కపోతే?"

"అడగలేదుగా!"

కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత ఆ స్లైడు తీసేసింది. నేనే దగ్గరుండి తీయించాను.

రెండోసారి చూపించే రోజు ఇంటివాళ్లు కూడా వెనక వరసలో కూర్చోవచ్చన్నారు. గుడ్డ నమూనాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బయటి కాలేజీ నుంచి పరీక్షకురాలిగా ఒక మేడమ్ వచ్చారు. మా పిల్లకన్నా ముందు లేచిన కుర్రాడి స్లైడ్లలో అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరొచ్చి వాలుతున్నాయి. "బాబూ, ఇవన్నీ వాలేదాకా మేం ఆగాలా?" అన్నారావిడ. హాలంతా నవ్వింది. వాడికి మళ్లీ నోరు పెగల్లేదు.

మా పిల్ల లేచింది. తెర వైపు తిరగలేదు. "చవక లైనింగు, ఖరీదైన వెల్వెట్ కన్నా గదిని చల్లగా ఉంచింది" అని మొదలుపెట్టింది. ముందు వరసలో వంచుకున్న తలలు లేచాయి. నమూనాలు చేతులు మారాయి. బేరం కుదురుతోందని నాకు అర్థమైంది. చివరి స్లైడు కూడా అయిపోయింది.

మేడమ్ కలం కింద పెట్టారు. "అన్ని రోజులూ ఇలాగే వచ్చిందా?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. 'దాదాపు' అను తల్లీ, ఆ ఒక్క మాట చాలు, గట్టెక్కుతావు అనుకున్నాను. పిల్ల ల్యాప్‌టాప్ వైపు చూసింది. అందులో ఆ గ్రాఫు లేదు.

పిల్ల చేత ప్రాజెక్టు చేయించిన సారు గొంతు సవరించుకున్నారు. "సగటు తీస్తే అంతే మేడమ్."

"మిమ్మల్ని కాదండీ."

పిల్ల ఏదో మీట నొక్కింది. తెర నల్లబడింది. "అయిపోయింది, సిస్టం పోయింది" అని నా వెనక ఎవరో గొణిగారు. తను తెల్లబోర్డు దగ్గరికి నడిచి మార్కర్ తీసింది. అది రాయలేదు. ఇంకోటి తీసింది. రెండు గీతలు గీసి, అవి ఒకదాన్నొకటి దాటిన చోట సున్నా చుట్టింది.

"లేదు మేడమ్. ఒక రోజు తిరగబడింది."

"మరి నీ స్లైడ్లలో లేదేం?"

నేను సంచీ పిడి బిగించి పట్టుకున్నాను.

"నేనే తీసేశాను. ఫెయిలవుతానని భయమేసింది."

నా ఊసే ఎత్తలేదు. నా వైపు చూడనైనా లేదు.

"కారణం?"

"తీసేసినందుకా మేడమ్, వేడెక్కినందుకా?"

"వేడెక్కినందుకు."

"తెలీదు. థర్మామీటర్లు గదులు మార్చి చూశాను, అవి బాగానే ఉన్నాయి. కిటికీకీ లైనింగుకీ మధ్య సందులోంచి వేడి గాలి వచ్చిందేమో. ఆ రోజు గాలి ఎటు వీచిందో రాసుకోలేదు. కొలవకుండా చెప్పలేను."

కొనడానికొచ్చిన మనిషితో 'తెలీదు' అంటే ఆ మనిషి చెప్పులేసుకుంటాడు. నా అనుభవం అది. మేడమ్ పక్కవాళ్లతో గుసగుసలాడుతుంటే, సంవత్సరం పోయిందని మా అక్కకు ఏ ముఖంతో చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

"నీ మాట ఇప్పుడే ఒప్పుకోను" అన్నారావిడ. "మళ్లీ కొలువు. గాలి కూడా రాయి. ఈ గ్రాఫుతో సహా రిపోర్టు తీసుకురా, అది చూశాక పాసో కాదో రాస్తాను. స్లైడ్లు మాత్రం మళ్లీ అక్కర్లేదు. చెప్పడం వచ్చింది నీకు."

వరండాలోకి వచ్చాక పిల్ల దాహమంది. నీళ్ల సీసా మూత నేనే తీసిచ్చాను.

"నా మీదకు తోసెయ్యొచ్చుగా?" అన్నాను.

"వేలు నాదే కదా మామయ్యా, నొక్కింది." సగం సీసా తాగింది. "రెండు గదులూ కావాలి. రేపట్నుంచే."

"సీజనే! సరుకు ఎక్కడ పెట్టను, నెత్తి మీదా?"

"మీ హాల్లో. అత్తయ్యకు నేను చెప్తా. ఇంకోటి, గోడౌన్ తలుపు తీస్తే నన్నడిగి తియ్యి."

"నా గోడౌన్‌కి నీ అనుమతా?"

"కొలిచినన్నాళ్లూ అంతే."

పాసవుతుందో లేదో ఇంకా తెలీదు. ఎటు చూసినా నాకు నష్టమే కనపడుతోంది. ఫోను తీసి, మా కొట్టుకు వెల్వెట్ లోడుతో బయల్దేరబోతున్న లారీ డ్రైవర్ని ఆగమన్నాను.

"ఏమైంది సార్, గిరాకీ లేదా?"

"ఉంది. గదులే ఖాళీ లేవు" అన్నాను.