శశికళ అడిగిన పువ్వు

సంగటి కెలికేటప్పుడు చేయి ఆపితే ఉండలు కడతాయి. ఇరవై ఏళ్లుగా కెలుకుతున్న శశికళకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా ఆ మంగళవారం పొద్దున ఫోను మోగగానే కట్టె అట్లే వదిలేసింది. పిండి అంటిన బొటనవేలు కొంగుకు తుడుచుకుని మెయిల్ తెరిచింది. బెంగళూరు బిజినెస్ స్కూల్లో స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ పిహెచ్‌డికి సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, లేకుంటే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. మూడుసార్లు చదివింది. నాలుగోసారి తన పేరొక్కటే చదువుకుంది. పొయ్యి ముందు నిలబడే కాళ్లు గంతేయబోతే ఆపుకుంది.

సంగటి నిండా ఉండలే. అత్త మునిరత్నమ్మ ముద్దలోంచి ఒక ఉండ తీసి కంచం అంచున పెట్టి, "మనసు యాడ పెట్టి కెలికినావమ్మా?" అంది. అప్పుడు చెప్పింది శశికళ. ఎరువుల అంగడికి బయలుదేరుతున్న భర్త అమరేష్ నవ్వాడు. నలభై ఏండ్లకు డాక్టరయితే సూదేసేదానికైనా పనికొస్తాదా అన్నాడు. వారానికి నాలుగు రోజులు అక్కడే ఉండాలని తెలిశాక నవ్వు మానేశాడు. అమరేష్ చెడ్డవాడు కాదు, చేయెత్తినవాడు కాదు. అమ్మకు వేళకు ముద్ద ఎవరు పెడతారు, పూజగది ఎవరు చూస్తారు, అంగడి బిల్లులు కంప్యూటర్‌లో ఎవరు ఎక్కిస్తారు అని మెల్లగానే అడిగాడు. ఆ పనులన్నిటికీ ఇంట్లో ఒక మనిషి ఉందని ఆయన ఒప్పుకోవడం ఆ రోజే మొదలు.

"అమ్మోరిని పువ్వు అడుగుదాం. ఇస్తే పో. నేను అడ్డం రాను" అన్నాడు చివరికి.

శశికళ కాదనలేదు. పొద్దున దీపం పెట్టకుండా కాఫీ తాగని మనిషి ఆమె. కానీ గుడిబండెలో రెండో అంగడి తెరిచినప్పుడు అమరేష్ ఏ పువ్వూ అడగలేదు. షట్టర్ తాళం తెచ్చి టేబుల్ మీద పెట్టి, తెరిచేసినాను అన్నాడు, అంతే. మగవాళ్ల పనులకు అమ్మవారి తీరిక చాలదేమో అని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనుకుంది. అనుకున్నందుకు లెంపలు వేసుకుంది.

చాకవేలు దారిలో ఉంది వాళ్ల ఇంటి దేవత చౌడమ్మ గుడి. ఆ మధ్యాహ్నమే కారు వెనక సీట్లో అత్త పక్కన కూర్చుని, కిటికీలోంచి టమోటా తోటలు చూస్తూ పోయింది శశికళ. ఆ తోటలే ఆమెకు సీటు తెచ్చాయి. ఇంటర్వ్యూలో నలుగురు ప్రొఫెసర్లు కూర్చుని, నువ్వేం పరిశోధన చేస్తావమ్మా అన్నారు. చింతామణి మండీకి పంట తోలే ఇళ్లలో ఈసారి టమోటా పెట్టాలా రాగి చల్లాలా అని నిజంగా తేల్చేది ఎవరు, బయట చెప్పేది ఎవరు, అది చూస్తానండి అంది. ఒకాయన కలం కింద పెట్టేసి విన్నాడు. చిక్కబళ్లాపురం కాలేజీలో పన్నెండేళ్లుగా గెస్ట్ లెక్చరర్‌గా ఉంది, ఆమె మాటకు ఎవరూ కలం కింద పెట్టలేదు. అక్కడి సీనియర్ లెక్చరర్ పురుషోత్తమ్ సార్ సెమినార్లకు స్లైడ్లన్నీ ఆమే చేస్తుంది. ఆయన చప్పట్లు కొట్టించుకుని వచ్చి, మేడం, టీకి చెప్పండి అంటాడు. ఆ కాలేజీలోనే పిల్లలకు ఆమె ఏటా చెప్పే పాఠం ఒకటుంది. కంపెనీ మీటింగులో చేతులెత్తే ఘడియకు సగం పని అయిపోయి ఉంటుంది. ఏ ప్రశ్నకు చేతులెత్తాలో ముందే ఎవరో రాసి పెట్టి ఉంటారు. పన్నెండేళ్లు చెప్పిన పాఠం గూళూరు దాటేసరికి ఆమెకే కొత్తగా అర్థమైంది.

పూజారి బయ్యప్ప రెండు చేమంతులు నీళ్లలో తడిపి అమ్మవారి రెండు భుజాల మీద అంటించాడు. కుడిది ముందు రాలితే అవును, ఎడమది రాలితే కాదు. అడిగేవాళ్లు మనసులోనే అడగాలి, అది ఆనవాయితీ. అమరేష్ చొక్కా విప్పి, చేతులు జోడించి ముందుకు వచ్చాడు.

"నువ్వు పక్కకు రా" అంది మునిరత్నమ్మ.

"ఏమ్మా?"

"పెండ్లయిన ఏడాది నాకు టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చినాది. మీ నాయన ఈడనే నిలబడి పువ్వు అడిగినాడు. ఎడమ పడినాది. ఏమని అడిగినాడో ఆయన పొయ్యేదాకా నాకు చెప్పలే." ఆమె కొడుకును చూడలేదు, అమ్మవారినే చూస్తోంది. "చదివేది ఆ పిల్ల. ఆ పిల్లే అడగనీ."

బయ్యప్ప అమరేష్ వైపు చూశాడు. అమరేష్ చొక్కా భుజాన వేసుకుని పక్కకు జరిగాడు. ఇన్నేళ్లూ లోపలి గడపకు ఇవతలే నిలబడిన శశికళ రెండడుగులు ముందుకు వేసింది. కళ్లు మూసుకుంది. తల్లీ, నీకు తెలియకుండా ఏమీ అడగడం లేదు, తప్పయితే నన్నే అను అని మొదలుపెట్టి, అడగాల్సింది అడిగింది.

నూనె దీపం చిటపటమంది. చాలాసేపు ఏ పువ్వూ కదల్లేదు. తర్వాత ఎడమ భుజం మీది చేమంతి మెల్లగా జారి అమ్మవారి పాదాల దగ్గర పడింది.

అమరేష్ గట్టిగా ఊపిరి వదిలాడు. "చూసినావా శశీ, అమ్మోరే వద్దనింది. నాదేముండాది ఇందులో."

మునిరత్నమ్మ ముఖం చిన్నబోయింది. శశికళ మాత్రం బయ్యప్ప తీసిచ్చిన ఆ పువ్వు అందుకుని, కళ్లకద్దుకుని జడలో పెట్టుకుంది. నవ్వు ఆగడం లేదు ఆమెకు.

"పోవాలా వద్దా అని నేను అడగలేదండీ" అంది. "కుడిదిస్తే శుక్రవారం పోతాను, ఎడమదిస్తే రేపే పోతాను తల్లీ అన్నాను. రేపే పొమ్మనింది."

ముందు మునిరత్నమ్మ నవ్వింది. కొడుకు చేతికి కొబ్బరిచిప్ప ఇస్తూ, "అప్పా అమరా, రేపట్నించి సంగటి కట్టె నువ్వు పట్టు. మధ్యలో చేయి మాత్రం ఆపాకు" అంది.