తేడా వచ్చిన పెట్టె

ఓట్ల లెక్కింపు ముగిసిన మర్నాటి నుంచి మామగారు కోడలితో నేరుగా మాట్లాడడం మానేశారు. ఆమె ఎదురుగా నిలబడి ఉన్నా సరే, వంటింట్లో ఉన్న భార్యను కేకేసి, "ఇదిగో, నీ కోడల్ని అడుగు, ఆ పేపరు చదవడం అయిందేమో" అనేవారు.

"ఆ అమ్మాయికి చెవులున్నాయి, మీకు నోరుంది. మధ్యలో నేనెందుకు?" అనేవారు అత్తగారు, అక్కణ్ణుంచి కదలకుండానే.

మేయర్ ఎన్నికలో మామగారి మనిషి ఓడిపోయాడు. ఆయన మనిషంటే బస్సు కార్మికుల యూనియన్ నాయకుడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన మామగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు, యాజమాన్యం ఇక ఇంటికి వెళ్ళమంది. అప్పుడు ఆఫీసు గుమ్మంలో బైఠాయించి, ఆయనకు కూర్చుని చేసే ఉద్యోగం ఇప్పించింది ఆ నాయకుడే. అలాంటివాడు, నిన్న మొన్నటి దాకా ఊళ్ళో సగం మందికి ముఖం కూడా తెలియని ఒక లెక్కల టీచరమ్మ చేతిలో, నూటయాభై ఓట్లు కూడా లేని తేడాతో ఓడిపోవడం మామగారికి మింగుడు పడలేదు. దానికి తోడు కోడలు పనిచేసేది ఎన్నికల ఆఫీసులోనే. ఓటు కాగితాలను చదివి మెషీన్లు ఇచ్చిన లెక్కను సరిచూసి, ధ్రువీకరణ బోర్డు ముందు పెట్టి సంతకాలు చేయించే విభాగానికి ఆమే అధికారి.

డిపో ఎదుట టీ కొట్టులో ఆ విషయం ఎవరూ మర్చిపోలేదు. ముఖ్యంగా హారన్ మర్చిపోలేదు. హారన్ అంటే డిపోలో మామగారితో పాటు పనిచేసి రిటైరైన మెకానిక్. చెవిలో రహస్యం చెప్పినా రోడ్డవతలి వాళ్ళు తిరిగి చూసే గొంతు ఆయనది. అందుకని కుర్రతనంలోనే ఆ పేరు పడిపోయింది.

"మనవాడు ఓడిపోవడమేమిట్రా! ఆవిడ లెక్కల టీచరు. లెక్కలు తారుమారు చేయడం ఆవిడకి తెలీదా? పైగా తాళాలు మీ ఇంట్లోనే ఉన్నాయాయె" అన్నాడు హారన్, కొట్టునిండా జనం ఉండగా.

మామగారికి తల కొట్టేసినట్టయింది. టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయారు.

"అసలు ఆ మెషీన్ల లోపల ఏం జరుగుతుందో ఎవడికి తెలుసు?" అన్నారు గోడకేసి చూస్తూ.

గోడ జవాబు చెప్పదు గనుక కోడలే చెప్పింది. "మామయ్యా, మెషీను చెప్పింది మొదటి లెక్క. అది ఇంకా ఎవరి గెలుపూ కాదు. అందరూ ఓటేసిన కాగితాలు సీలు వేసిన పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. సోమవారం కొన్ని పెట్టెలు తీసి, ఆ కాగితాలు చేత్తో లెక్కపెడతాం. రెండు లెక్కలూ కలిస్తేనే బోర్డు సంతకం పెడుతుంది."

"కొన్ని పెట్టెలే! మిగతావాటి సంగతి?"

"మీరు వచ్చి చూడండి. తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరైనా రావచ్చు. ఇంట్లో కూర్చోబెట్టి నేను చెప్తే అది కోడలి మాట అవుతుంది. మీ కళ్ళతో చూస్తే మీ మాట అవుతుంది."

మధ్యలో కొడుకు ఏదో అనబోయి, తండ్రి ముఖం చూసి మంచినీళ్ళు తాగి ఊరుకున్నాడు. అతనికి మందుల షాపులో రోజంతా మాట్లాడడం అలవాటు, ఇంట్లో మాట్లాడకపోవడం అలవాటు.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "మీ బస్సుల్లో చెకింగ్ వాళ్ళు ప్రతి బస్సూ ఎక్కేవాళ్ళా ఏమిటి? ఏ మలుపులో ఎక్కుతారో తెలీక మీ కండక్టర్లు రోజంతా వణికి చచ్చేవాళ్ళని మీరేగా చెప్పి నవ్వేవారు!"

ఆయన ఏదో అనబోయారు. కాని నోట్లో ముద్ద ఉంది. అది మింగేసరికి అనవలసింది ఏదీ మిగల్లేదు కాబోలు, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయారు.

సోమవారం ఉదయం కోడలు ఆఫీసు హాల్లోకి వచ్చేసరికి, ప్రజల కోసం వేసిన కుర్చీల్లో మొదటి వరుసలోనే మామగారు ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పక్కన హారన్. ఆయన ఇద్దరు కూర్చునేంత చోటు ఆక్రమించి, చేతులు కట్టుకుని, పోట్లాటకు సిద్ధంగా ఉన్నాడు. ఆమె వాళ్ళను చూసి తల ఊపింది తప్ప పలకరించలేదు. ఆ గదిలో పలకరించకపోవడమే మంచిదని ఆమెకు తోచింది.

హాలు ఒకప్పటి గిడ్డంగి. ఎత్తయిన కప్పు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాన్లు, వరసగా పొడుగు బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు అభ్యర్థుల తరఫునా ఒక్కొక్కరు, మధ్యలో ఒక ఉద్యోగి. ఎదురు గోడ మీద పెద్ద తెర.

ఆమె మైకు అందుకుంది. "ఏ పెట్టెలు తెరవాలో మేం ఎంచుకోం. పాచికలు ఎంచుకుంటాయి. వీటికి పదేసి ముఖాలుంటాయి. ఎర్రదానిది పదుల అంకె, తెల్లదానిది ఒకట్ల అంకె. రెండూ కలిపి ఏ నంబరు పడితే ఆ నంబరు పెట్టె వస్తుంది. వేయడానికి మీలోంచే ఎవరైనా రండి. నా కుటుంబ సభ్యులు, ఆఫీసు వాళ్ళు మాత్రం వేయకూడదు."

మామగారు కొంచెం పైకి లేచినవారల్లా కూర్చుండిపోయారు. ఆయన బదులు హారన్ దూసుకెళ్ళాడు.

"ముందు వీటిని చూడాలి" అన్నాడు.

"చూడండి బాబాయ్ గారూ, మీ ఇష్టం."

హారన్ పాచికలను అరచేతిలో తూచాడు. వెలుతురుకు పట్టి చూశాడు. ఒకదాన్ని బల్ల మీద అదే పనిగా దొర్లించి, ఒకే అంకె పడుతుందేమోనని కాచుకున్నాడు. పడలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. వెనక వరసలో ఎవరో, "బోల్టులు కూడా విప్పి చూడండి" అనేసరికి హాలంతా నవ్వింది. చివరికి గుప్పిట్లో గలగలలాడించి విసిరాడు.

పెట్టెల నంబర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. తాళం వేసిన పక్క గదిలోంచి ఆ పెట్టెలు వచ్చాయి. తెరిచేముందు సీలు మీది నంబరు పైకి చదివి వినిపించారు, రెండు వైపుల వాళ్ళూ సరేనన్నాక కోశారు. కాగితాలు తీసి, ఒక్కొక్కటే అందరికీ కనపడేలా ఎత్తి, వేరువేరు కట్టలుగా పేర్చారు. ఆ పనిలో తొందరే లేదు. హారన్‌కి మొదట్లో ఉన్న ఊపు తగ్గి ఆవలింతలు మొదలయ్యాయి. ఒక పెట్టె సరిపోయింది. రెండోదీ, మూడోదీ సరిపోయాయి.

డిపో కాలనీ పెట్టె దగ్గర బల్ల మీద చేతులు ఆగిపోయాయి. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ ఆగిపోయారు.

ఆఫీసులో ఆమె సహాయకుడు దగ్గరకు వచ్చి చెవిలో చెప్పాడు. "మేడమ్, యూనియన్ నాయకుడికి మెషీను చూపించినదాని కంటే ఐదు ఓట్లు ఎక్కువొచ్చాయి. రూలు ప్రకారం హద్దులోనే ఉంది. రిపోర్టులో రాసేస్తే చాలు. ఇప్పుడు మైకులో చెప్తే మాత్రం కొంప మునుగుతుంది."

ఆమె ఒక్క క్షణం మొదటి వరస వైపు చూసింది. మామగారు ఆమెనే చూస్తున్నారు. సహాయకుడు చెప్పింది అబద్ధం కాదు. రిపోర్టులో రాస్తే చాలు. ఆ రిపోర్టు ఎవరైనా అడిగి తీసుకుని చదువుకోవచ్చు. ఎంతమంది చదువుతారో కూడా ఆమెకు తెలుసు. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగి, మైకు దగ్గరకు జరిగింది.

"డిపో కాలనీ పెట్టెలో తేడా వచ్చింది" అంది. "మెషీను లెక్క కంటే యూనియన్ నాయకుడికి ఐదు ఓట్లు ఎక్కువున్నాయి."

హాలు ఒక్కసారి భగ్గుమంది. హారన్ ఒంటికాలి మీద లేచాడు. "నేను చెప్పలేదూ! నేను చెప్పలేదూ! దొంగలు దొరికారు!" ఆ గొంతు ముందు ఫ్యాన్ల చప్పుడు కూడా వినపడలేదు. వెనక వరసల వాళ్ళు కుర్చీలు తోసుకుని ముందుకొచ్చారు. టీచరమ్మ తరఫు వాళ్ళు వాళ్ళకు అడ్డం నిలబడ్డారు.

అప్పుడు మామగారు లేచారు. హారన్ చొక్కా పట్టుకుని కిందికి లాగారు.

"కూర్చోరా! దొరికారు అంటున్నావే, ఎవరు పట్టిచ్చారు నీకు? ఆ అమ్మాయి నోరు మూసుకునుంటే నీకు గాని నాకు గాని తెలిసేదా?"

హారన్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన గొంతు ఆగిపోవడం చూసి జనం కూడా ఆగారు.

మామగారు ఆమె వైపు తిరిగారు. ముఖం ఇంకా గంభీరంగానే ఉంది. "అయితే, ఎందుకొచ్చింది ఆ తేడా? అది చెప్పు."

"చూపిస్తాను" అందామె.

ఆ ఐదు కాగితాలనూ ఒకదాని తర్వాత ఒకటి తెర మీద వేసింది. ఓటరు పెన్నుతో అభ్యర్థి పేరు పక్కనున్న సున్నాను నింపాలి. ఈ ఐదుగురూ సున్నాను వదిలేసి దాని పక్కన టిక్కు పెట్టారు. ఒకరైతే పేరు చుట్టూ గీత గీసి, కింద ఇంకో గీత కూడా కొట్టారు. మనుషులెవరికైనా అది ఎవరి ఓటో ఇట్టే తెలుస్తుంది. మెషీను సున్నా వంకే చూస్తుంది, అది ఖాళీగా ఉంటే ఓటు వేయలేదనుకుంటుంది.

"ఇవి చెల్లే ఓట్లే. ఆయన లెక్కలో కలుపుతున్నాం" అందామె. "ఇలాంటివి మిగతా పెట్టెల్లోనూ ఉండొచ్చు, ఎవరివైనా కావచ్చు. తేడా ఇంత తక్కువగా ఉన్నప్పుడు వదిలేయడం నాకిష్టం లేదు. అన్ని పెట్టెలూ తెరిచి లెక్కపెట్టే అధికారం చట్టం నాకిచ్చింది. రేపటి నుంచి అన్నీ తెరుస్తాం. మీరందరూ రావచ్చు."

సహాయకుడు నుదురు కొట్టుకున్నాడు. కాని మర్నాడు అందరి కంటే ముందొచ్చి బల్లలు తుడిచింది అతనే.

ఆ వారమంతా మామగారు హాలుకు వెళ్ళారు. పొద్దున్నే బయల్దేరి, హారన్‌ని ఇంటి దగ్గర కలుపుకుని బస్సులో వచ్చేవారు. మొదట్లో చేతులు కట్టుకుని కూర్చున్న హారన్, తర్వాత బల్లల దగ్గరికి వెళ్ళి మెడ సాచి చూడసాగాడు. ఒకసారి టీచరమ్మకు పడ్డ టిక్కు ఓటును ఉద్యోగి చెల్లదనబోతే, "అదేమిటయ్యా! మావాడికి కలిపారుగా, ఆవిడకూ కలపండి! టిక్కంటే టిక్కే!" అని అరిచాడు. అరిచాక, తను ఎవరి తరఫున అరిచాడో తెలిసొచ్చి, దగ్గు వచ్చినట్టు నటించాడు. టీచరమ్మ తరఫున కూర్చున్న అమ్మాయి ఆయనకు మంచినీళ్ళ సీసా అందించింది.

పెట్టెలన్నీ అయ్యాయి. టిక్కు ఓట్లు ఇద్దరికీ కలిశాయి, యూనియన్ నాయకుడికి కొన్ని ఎక్కువగా. తేడా తగ్గింది, కాని పోలేదు. టీచరమ్మే గెలిచింది.

బోర్డు సమావేశం అదే హాల్లో జరిగింది. ముగ్గురు సభ్యుల్లో యూనియన్ నాయకుడి పక్షం నియమించిన పళ్ళ డాక్టరమ్మ చాలాసేపు ప్రశ్నలడిగింది. సీళ్ళ గురించి అడిగింది, టిక్కు ఓట్లను మళ్ళీ తెర మీద వేయించింది, పాచికలు ఎవరు వేశారని అడిగింది. హారన్ లేచి నిలబడి, "నేనేనమ్మా" అన్నాడు. వినపడలేదనడానికి ఎవరికీ ఆస్కారం లేదు. ఆవిడ నవ్వాపుకుని, కలం తీసి సంతకం చేసింది. మిగతా ఇద్దరూ చేశారు.

యూనియన్ నాయకుడు వెనక నిలబడి ఉన్నాడు. విలేకరులు మైకులు పెడితే, "గెలుస్తాననుకున్నాను, గెలవలేదు. నా ఓటర్ల ఓట్లు ఒక్కటి కూడా పోలేదు, అది చూశాను. అంతకు మించి అడగడానికేం లేదు" అన్నాడు. టీచరమ్మ దగ్గరకు వెళ్ళి చెయ్యి కలిపాడు.

ఆ సాయంత్రం మామగారు వరండాలో కూర్చుండిపోయారు. కోడలు టీ తెచ్చి పక్కన పెట్టింది.

"ఓడిపోయాడమ్మా" అన్నారాయన.

"అవును మామయ్యా."

"న్యాయంగానే ఓడిపోయాడు. అదే కష్టంగా ఉంది. అన్యాయంగా ఓడిపోయుంటే తిట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవాళ్ళు."

ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. పక్కన మెట్టు మీద కూర్చుంది. "ఆ రోజు మీరు బాబాయ్ గారిని కూర్చోబెట్టకపోతే నేను ఆ కాగితాలు చూపించగలిగేదాన్ని కాదు."

"వాణ్ణి కూర్చోబెట్టడం నాకు అలవాటేలే" అన్నారాయన. కాసేపటికి మళ్ళీ, "మైకు పట్టుకునే ముందు భయపడ్డావు కదూ? ఘాట్ రోడ్డులో బ్రేకు మీద కాలు పెట్టే ముందు డ్రైవరు ముఖం అలాగే ఉంటుంది" అన్నారు.

"చాలా భయపడ్డాను."

"కనపడనిచ్చావు కాదు." ఆయన టీ అందుకున్నారు. చల్లారిపోయినా ఏమీ అనకుండా తాగారు.

కొత్త మేయర్ బాధ్యతలు తీసుకున్న కొద్ది రోజులకు, మామగారు, హారన్ కలిసి మేయర్ ఆఫీసుకు వెళ్ళారు. ప్రభుత్వాసుపత్రికి బస్సు లేక రోగులు పెద్ద రోడ్డు నుంచి నడిచి రావలసి వస్తోంది. డిపో నుంచి ఆసుపత్రి గేటు దాకా కొత్త రూటు కావాలని అర్జీ. వరసలో నిలబడ్డంతసేపూ ఇద్దరూ రూటు గురించి పోట్లాడుకుంటూనే ఉన్నారు. మార్కెట్ మీదుగా అయితే త్వరగా వెళ్తుందని మామగారు. ఆ సందులో పెద్ద బస్సు తిరగదని హారన్.

"తిరుగుతుంది, నేను తిప్పాను!"

"తిప్పావు, గోడ కూడా పడగొట్టావు!"

లోపలి గదిలోంచి టీచరమ్మ తలెత్తి చూసింది. గుమాస్తాతో ఏదో చెప్పింది. అతను బయటికొచ్చి, "ఆ గోడ గొడవేమిటో వచ్చి తనకే చెప్పమంటున్నారు మేయర్ గారు" అన్నాడు.

మామగారు చొక్కా సర్దుకున్నారు. "మన మేయరే కదా, పద" అని హారన్ భుజం తట్టి, అర్జీ చేత పట్టుకుని లోపలికి నడిచారు.