మోకాళ్ళ మీద కూర్చున్నవాళ్ళు

గెజీనె టాపర్ట్ తొమ్మిదేళ్ళుగా నెత్తురు తుడుస్తోంది. ఇళ్ళు తుడిచేవాళ్ళకు ఉండే మర్యాదైనా ఆ పనికి లేదు. బయటి దేశాల్లో తయారైన వీడియో గేములు వుప్పర్‌టాల్‌లో ఒక రొట్టెల దుకాణం పైఅంతస్తులో ఉన్న ఆ చిన్న ఆఫీసుకు వచ్చేవి. జర్మనీ దుకాణాల్లోకి వెళ్ళే ముందు వాటిలోని ఎరుపంతా తీసేయాలి. ఒక్కోసారి నెత్తురును ఆకుపచ్చ చేసేది. ఒక్కోసారి సైనికుల్ని ఇనుప బొమ్మలుగా మార్చేది. శవాలను గాల్లో కలిపేసేది. అలా చేయకపోతే ఆట నిషేధాల జాబితాకెక్కుతుంది, ఆ తర్వాత దాన్ని కౌంటరు కింద దాచి అమ్ముకోవలసిందే. ఆ సంగతి తెలియనట్టు కుర్రాళ్ళు ఆమెకు ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆటను చంపేశావని, నీకు సరదా అంటే ఏమిటో తెలియదని తిట్టేవాళ్ళు.

ఆమె ఆ ఉత్తరాలను పారేయకుండా ఫైల్లో పెట్టుకునేది. ఎందుకంటే వాళ్ళు చెప్పేది తప్పని ఆమె గట్టి నమ్మకం. ఆటలో సరదా పరుగులో ఉంటుంది, గురిలో ఉంటుంది, ఎదుటివాడికంటే ముందు మలుపు తిరగడంలో ఉంటుంది. నెత్తురు పెళ్ళిపందిరికి కట్టిన రంగుకాగితం లాంటిది, తీసేస్తే పెళ్ళి ఆగదు. ఈ మాట ఆమె ఎదుటి బల్ల దగ్గర కూర్చునే ఇంగోల్ఫ్ డ్రెస్సెల్‌కు తొమ్మిదేళ్ళలో వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది.

"చెప్తూనే ఉండు తల్లీ," అనేవాడు ఇంగోల్ఫ్. రోజూ ఉదయం కిందనుంచి పచ్చి పందిమాంసం కైమా, ఉల్లిపాయముక్కలు పరిచిన బన్ను తెచ్చుకుని, కీబోర్డు మీద పొడి రాల్చుకుంటూ తినేవాడు. "నెత్తురు లేకపోతే నేను చేసిందేంటో నాకెలా తెలుస్తుంది? ఉప్పులేని సూపు తాగినట్టుంటుంది."

"నీ నోట్లో ఉన్నదాన్ని చూస్తే తెలుస్తోందిలే నీ రుచి."

"ఇది మంచి మాంసం. పొద్దున్నే కొట్టింది."

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో ఆ వాదన తేలిపోయే అవకాశం వచ్చింది. ఆటలను అమ్మే హాంబుర్గ్ కంపెనీ ఒక ప్రతిపాదన పంపింది. కొత్తగా వస్తున్న ఒక యుద్ధపు ఆటను పన్నెండుమంది చేత ఆడించండి, ఆరుగురికి నెత్తురున్నది, ఆరుగురికి లేనిది. రెండూ సమానంగా నచ్చితే ఇకమీదట యూరప్ అంతటికీ లేనిదే అమ్ముతాం, ఆ పనికంతటికీ గెజీనెయే పెద్ద. ఇంత పని ఒకేచోటికి వస్తే రొట్టెల దుకాణం పైనున్న ఆఫీసు బతుకుతుంది. యజమాని వోల్క్‌మార్ ష్టీరింగ్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు బయటికి చదివాడు.

గెజీనె ఆ ఆట కోసం ప్రాణం పెట్టి పనిచేసింది. ఈసారి ఆకుపచ్చ నెత్తురు లేదు, ఇనుప మనుషులు లేరు. ఆమె ఆటలో అసలు ఎవరూ చావరు. గుండు తగిలిన సైనికుడు ఆయుధం కింద పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ తల మీద పెట్టుకుంటాడు. వాడి పని అయిపోయినట్టే, ఆడేవాళ్ళు ముందుకు పోవచ్చు. మొదట్లో ఒక చిక్కొచ్చింది. కొందరు గుమ్మాల్లోనే మోకరిల్లి దారి మూసేసేవాళ్ళు. అందుకని ఎవరైనా తగిలితే, మోకాళ్ళ మీదే ఒక అడుగు పక్కకు జరిగేలా చిన్న సవరణ చేసింది. ఆ సవరణ గురించి ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. జనం మీద దయతో చేసిన పని అది.

శనివారం పన్నెండుమంది వచ్చారు, రెండు గదుల్లో కూర్చున్నారు, మూడేసి గంటలు ఆడారు. అందరూ మామూలు మనుషులే. బస్సు నడిపే ఆయన, కట్టుడు పళ్ళసెట్లు చేసే ఆవిడ, ఇద్దరు విద్యార్థులు, ఒక కిండర్‌గార్టెన్ టీచరు, అలాంటివాళ్ళు. తెర మీద జరిగేదంతా వీడియో టేపుల్లోకి ఎక్కింది. వెళ్ళేటప్పుడు పదికి ఎంతిస్తారో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు.

నెత్తురున్నదానికి సగటున ఆరుంపావు వచ్చింది. నెత్తురు లేనిదానికి తొమ్మిది.

సమానమైతే చాలనుకున్న గెజీనె కాగితాలు రెండుసార్లు సరిచూసుకుంది. ఇంగోల్ఫ్ మంగళవారం కేకు కొనుక్కొచ్చాడు. "ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. యూరప్ మొత్తం నీవల్ల సప్పటి సూపు తాగబోతోంది," అన్నాడు. ఆమె ఆనందం అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తిట్ల ఉత్తరాలన్నీ తీసి ఒక్కొక్కటే చదువుకుని నవ్వుకుంది.

హాంబుర్గ్‌కు పంపే నివేదికలో జనానికి ఏది అంతగా నచ్చిందో రాయాలి కదా. అందుకని బుధవారం టేపులు ముందేసుకుని కూర్చుంది.

మొదటిది బస్సు నడిపే ఆయనది. మొదటి గంటంతా అనుకున్నట్టే ఆడాడు. పరిగెత్తాడు, దాక్కున్నాడు, పాత ఇటుకబట్టీ దాటి పెద్ద పెరట్లోకి వచ్చాడు. అక్కడ ఎనిమిదిమందిని కొట్టాడు. ఎనిమిదిమందీ మోకరిల్లారు. అవతలి తలుపు తెరుచుకుంది. ఆయన దానిలోకి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి ఒక సైనికుడి దగ్గరికి నడిచి వాడికి తగిలాడు. వాడు చేతులు తలమీదే ఉంచుకుని ఒక అడుగు జరిగాడు. మళ్ళీ తగిలాడు. అలా జరిపి జరిపి వాణ్ణి పెరటి చివరున్న ఇటుక గోడ దాకా తీసుకెళ్ళాడు. తర్వాత రెండోవాణ్ణి తెచ్చాడు. నలభై నిమిషాలు పట్టింది. ఎనిమిదిమందినీ గోడ వైపు ముఖం పెట్టించి వరసగా కూర్చోబెట్టి, వెనక్కి నడిచి దూరంగా నిలబడి కాసేపు చూశాడు. ఆ తర్వాత ఎడమనుంచి మొదలుపెట్టాడు.

ఆమె ఆటలో రెండో గుండు తగిలినా ఎవరూ చావరు. మెల్లగా పక్కకు ఒరిగి మాయమవుతారు. చప్పుడు కూడా ఉండదు.

గెజీనె టేపు ఆపింది. ఈయనలో ఏదో తేడా ఉందని అనుకుంది. రెండో టేపు పెట్టింది. అది పళ్ళసెట్ల ఆవిడది. ఆవిడకు ఇరవై ఐదు నిమిషాలే పట్టింది. గురువారం మధ్యాహ్నానికి ఆరు టేపులూ చూడటం అయిపోయింది. ఆరుగురికి ఆరు కంప్యూటర్లు, మధ్యలో అట్టల అడ్డాలు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఒకరి తెర ఇంకొకరు చూసింది లేదు. అయినా ఆరుగురూ అదే గోడ దగ్గరికి వెళ్ళారు.

నెత్తురున్న గది టేపులు కూడా చూసింది. అక్కడ అంతా కొట్టారు, ముందుకు పోయారు. పడినవాళ్ళు పడ్డచోటే నెత్తుట్లో నానుతూ ఉన్నారు. ఒక విద్యార్థి వాళ్ళను తొక్కకుండా గోడవార నడిచాడు. పెరట్లో ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. తొమ్మిది మార్కులు దేనికొచ్చాయో ఆమెకు అర్థమైంది.

అయినా ఎవరి నోటైనా వినాలనిపించింది. కిండర్‌గార్టెన్ టీచరు ఫ్రీడెరూన్ కాల్ట్‌హోఫ్ పనిచేసే చోటు నది మీదుగా పట్టాలకు వేలాడుతూ పోయే ఊరి రైల్లో నాలుగు స్టేషన్ల అవతల. పిల్లలు వెళ్ళిపోయాక కలిసింది. ఆవిడ మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. పిల్లల చిన్న చిన్న చెప్పులను అరల్లో జతలు జతలుగా సర్దుతూ మాట్లాడింది.

"ఆటా? ఎంత బావుందో చెప్పలేనండి. నాకసలు ఈ తుపాకుల గోల పడదు. మీది వేరే. శుభ్రంగా ఉంది. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారు?"

"పెరట్లో వాళ్ళను గోడ దగ్గరికి తీసుకెళ్ళారు కదా, ఎందుకని?"

"చూశారా అది?" ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "చెల్లాచెదురుగా కూర్చున్నారు కదండి. అలా వదిలేసి పోబుద్ధి కాలేదు. ఒకణ్ణి జరిపి చూశాను, జరిగాడు. చెప్పినమాట వింటున్నారే అనిపించింది."

"తర్వాత కాల్చారు."

"మరి ఏం చేస్తాం, వరస అయ్యాక?" ఫ్రీడెరూన్ ఆమె ముఖంలోకి నిజాయితీగా చూసింది. "వాళ్ళకేం కాలేదు కదండి. నెత్తురు రాలేదు. వచ్చుంటే నేనెందుకు ముట్టుకుంటాను, ఛ."

తిరుగు రైల్లో గెజీనె కిటికీ కింద నదిని చూస్తూ కూర్చుంది. తన తాత ఆమెకు గుర్తొచ్చాడు. యుద్ధంలో ఆయన ఏ గోడ దగ్గర ఏ వైపు నిలబడ్డాడో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. భయం వేసింది. అది ఆ ఆరుగురిని చూసి వేసిన భయం కాదు. తను ఒక చిన్న సవరణ చేసింది, ఆ ఒక్క సందు దొరకగానే మనుషులు అటే పోయారు.

శుక్రవారం ఉదయం వోల్క్‌మార్‌కు రెండు టేపులు చూపించింది. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా చూశాడు.

"నెత్తురెక్కడుంది?" అన్నాడు.

"లేదండి."

"చచ్చినవాడెవడు?"

"ఎవరూ లేరు. కానీ చూశారు కదా వాళ్ళేం..."

"గెజీనె గారూ, మనల్ని అడిగింది నెత్తురు తీయమని. తీశారు. జనానికి నచ్చింది. వాళ్ళు వరసలో పెట్టుకుంటారో గుండ్రంగా పెట్టుకుంటారో మనకెందుకు? నిన్న హాంబుర్గ్‌కు ఫోన్లో చెప్పాను. వాళ్ళకు తెగ నచ్చింది. ఆ మోకాళ్ళవాళ్ళ చేత ఏవైనా మాటలు చెప్పించగలరా అని కూడా అడిగారు. బతిమాలుకుంటున్నట్టు. రూల్స్‌లో దానికి అడ్డేమీ లేదట."

గెజీనెకు ఒళ్ళు మండిపోయింది. అలా అయితే నివేదిక మీద సంతకం పెట్టనంది. ఆయన తల గోక్కున్నాడు. మనిషి దుర్మార్గుడు కాదు, జీతాలివ్వాల్సినవాడు. చివరికి దిగొచ్చాడు.

"సరే, మీ తృప్తి కోసం. ఆ జరగడమేదో తీసేయండి. ఐదింటికి కొరియర్ వస్తాడు. అప్పటికి కొత్త డిస్కు నా బల్ల మీద ఉంటే అదే పంపుతాను. లేదంటే ఉన్నది పంపుతాను. సోమవారం దాన్ని ఫ్యాక్టరీలో అచ్చు కొడతారు, ఆ తర్వాత నేను కూడా ఏం చేయలేను."

అది పది నిమిషాల పని. తనే రాసిన సవరణ, తనే తీసేయాలి. తీసేస్తే గుమ్మాలు మళ్ళీ మూసుకుపోతాయి కాబట్టి, మోకరిల్లినవాళ్ళు రెండు క్షణాల్లో మాయమయ్యేలా చేయాలి. అప్పుడు తొమ్మిది ఆరుకు పడిపోవచ్చు. పడిపోతే యూరప్ ఉండదు, పెద్దరికం ఉండదు, తొమ్మిదేళ్ళ వాదన గాలికి పోతుంది. పోనీ అనుకుంది. నిజంగానే అనుకుంది.

"సాయం చేయనా?" అన్నాడు ఇంగోల్ఫ్. టేపులు అతనూ చూశాడు. ఆ రోజు బన్ను సగం తిని వదిలేశాడు.

"వద్దులే. ఎంతసేపు పని." గడియారం మూడున్నర చూపిస్తోంది.

ముట్టుకునే ముందు ఎలా పనిచేస్తోందో ఒకసారి చూసుకోవాలి. ఏ పనివాళ్ళైనా అలాగే చేస్తారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆట తెరిచి నేరుగా పెరట్లోకి దిగింది. ఎనిమిదిమందిని మోకరిల్లజేసింది. దగ్గరున్నవాడికి తగిలింది. జరిగాడు. ఒక తగులుకు ఎంత జరుగుతున్నాడో కాగితం మీద రాసుకుంది. ఇంకోవైపు నుంచి తగిలి అదీ రాసుకుంది. గోడ దగ్గర ఎలా ఆగుతాడో కూడా చూడాలి కదా. అందుకని వాణ్ణి గోడ దాకా తీసుకెళ్ళింది.

రెండోవాడు కొంచెం మొండిగా ఉన్నాడు. భుజం వైపు నుంచి తగిలితే వంకరగా పోయేవాడు, వీపు మధ్యలో తగిలితే తిన్నగా పోయేవాడు. ఆ కిటుకు దొరికాక మూడోవాడికి సగం సమయమే పట్టింది. నాలుగోవాణ్ణి, ఐదోవాణ్ణి ఒకేసారి తోలవచ్చని తెలిసింది. కాగితం మీద రాయడం ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తులేదు. కిటికీ బయట వేలాడే రైళ్ళు దీపాలు వేసుకుని పోతున్నాయి. భుజాలు తేలికపడ్డాయి. వారం రోజులుగా పట్టేసిన మెడ వదులైంది. చేయి తనంతట తాను పోతోంది, వాళ్ళు చెప్పినట్టు వింటున్నారు.

ఎవరో హెడ్‌ఫోన్లు లాగారు. ఇంగోల్ఫ్.

"గెజీనె. ఏం చేస్తున్నావు?"

"ఒక్క నిమిషం. వీడొక్కడూ వరసలోకి రావట్లేదు."

"ఐదూ ఇరవై అయింది."

ఆమె తెరనుంచి కళ్ళు తిప్పలేదు. చివరివాడికి వీపు మధ్యలో తగిలింది. వాడు సర్దుకున్నాడు. అప్పుడు గడియారం చూసింది.

"కొరియరతను వచ్చి వెళ్ళిపోయాడు," అన్నాడు ఇంగోల్ఫ్. "వోల్క్‌మార్ బల్ల మీద పాతదే ఉంది, అదే ఇచ్చేశాడు. గంట మోగింది. నేను గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచాను. పనిలో ఉన్నావనుకున్నా."

ఆమె లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కింద వీధిలో బండి ఎటూ కనబడలేదు. గెజీనె మళ్ళీ తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. తెరమీద ఇటుక గోడ ముందు ఎనిమిదిమంది సమానమైన దూరంలో, చేతులు తల మీద పెట్టుకుని, ముఖాలు గోడకు తిప్పి కూర్చున్నారు. ఆమె ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఆ మాట ఇంగోల్ఫ్‌తో చెబుదామని నోరు తెరిచింది.

అతను ఆమె భుజం మీదుగా వరస వైపు చూస్తున్నాడు. ఈసారి వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"బావుందా?"

ఆమె మళ్ళీ వరస వైపు చూసింది.

"బావుంది," అంది.