మామగారి బిరడా

శివరామయ్య గారి పాత డీజిల్ కారు బానెట్ సందుల్లోంచి పొగ కక్కుతుందని తెనాలిలో తెలియనివాళ్లు లేరు. ఆయన ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. "కాస్త ఆవిరి వస్తుంది" అంటారు. కాపురానికి వచ్చి నెల తిరగని కోడలు భవ్యకు ఈ మర్యాద భలే నచ్చింది. ఈమధ్య ఆమెకు అన్నీ నచ్చుతున్నాయి. భర్త కిరీటి ఆమె జడలో వంకరగా తురిమిన మల్లెదండ కూడా.

ఆ ఆదివారం రేపల్లెలో భవ్య పుట్టింట భోజనం. నిశ్చితార్థం నాడు ఆమె తండ్రి, "బావగారూ, మీ కారు వచ్చి వెళ్లాక మా వీధిలో దోమ లేదండి" అన్నాడు. అందరూ నవ్వారు. శివరామయ్య గారు ఇంకా నవ్వలేదు.

అందుకే ఈసారి తానే బాగుచేశారు. "చూశావా అమ్మాయ్, ఆవిరన్న మాటే లేదు!" అన్నారు ముందు సీట్లో కూర్చుంటూ. నిజంగానే లేదు. కిరీటి స్టీరింగ్ పట్టాడు. భవ్య ఒళ్లో పూతరేకుల డబ్బాతో వెనక కూర్చుంది.

వేమూరు దాటాక బానెట్ కింద ఏదో 'టప్' మంది. భట్టిప్రోలు వచ్చేసరికి ముందద్దం మీద నల్లటి చుక్కలు పడ్డాయి.

"వానేమో నాన్నా."

"వానేరా," అన్నారు శివరామయ్య గారు, మండుటెండలో.

భవ్య బాపట్లలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. నల్లవాన గురించి అక్కడ పాఠం లేదు. కారు ఆపించి బానెట్ ఎత్తింది. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల ఎగిరొచ్చి బ్యాటరీ మీద పడి ఉంది. అది ఉండాల్సిన గొట్టంలోంచి ఆయిల్ చిమ్మింది. పక్కనే ఇంజిన్ ఊపిరి వదిలే పైపు. దాని నోట్లో చెప్పు రబ్బరు కోసి చేసిన బిరడా, పైన పంచె గుడ్డ, ఆ పైన ఇనప తీగ.

"ఇదేంటండి, మామయ్య గారూ?"

"వైద్యం."

"పిస్టన్ రింగులు అరిగాయండి. మండిన గ్యాసు కిందికి, ఆయిల్ ఉండే చోటికి దిగుతోంది. అది బయటికి పోయేది ఈ పైపులోంచే. దీన్ని మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి, దొరికిన సందులోంచల్లా ఆయిల్‌ని తన్నేస్తుంది. సీళ్లు పోతాయండి."

"అంటే నా కారుకి కడుపుబ్బరమా?"

"అవునండి. మీరేమో నోరు కట్టేశారు."

కిరీటి చటుక్కున పొలాల వైపు తిరిగాడు. అతని భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఇంటికెళ్లాక పైపుని పొడుగు చేసి ఓ డబ్బాలోకి దింపుదాం. ఆయిల్ అందులో పడుతుంది. రింగులు మార్చేదాకా అలా నడుస్తుందండి."

"మరి ఈ పూటకి?"

"ఈ పూటకి పొగే అండి."

ఆ కుటుంబంలో ఆ మాట పైకి వినిపించడం అదే మొదలు. శివరామయ్య గారు రేపల్లె రోడ్డు వైపు చూశారు, ఇంజిన్ వైపు చూశారు. బిడ్డకు సూది వేయించే తండ్రిలా కళ్లు మూసుకున్నారు.

"పీకెయ్యమ్మా."

భవ్య బిరడా పీకేసింది. డిక్కీలోని ఆయిల్ తెచ్చి పోసింది. పొగ మళ్లీ హాయిగా లేచింది. రేపల్లె పొలిమేరలో ఆయన కారు ఆపించి దిగారు.

"నేను షేరాటోలో వస్తా. మీ నాన్న అడిగితే, కారు మీ ఆయన పేరున రాసిచ్చేశానని చెప్పు."

"ఎప్పుడండి?"

"ఇప్పుడే."

భవ్య ముందు సీట్లోకి మారింది. పెళ్లయ్యాక కారులో వాళ్లిద్దరే ఉండటం అదే మొదటిసారి. పుట్టింటి వీధి మలుపు రాగానే భవ్య కిరీటి చెయ్యి గిల్లింది.

"తిన్నగా పోనివ్వండి, ఊరు చుట్టి వద్దాం. మామయ్య గారిని ముందు వెళ్లి కూర్చోనీండి, పాపం."

కిరీటి హారన్ కొట్టి, మలుపు దాటించేశాడు.