పేరు కొట్టించిన గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. మూతతో సహా రెండు అరచేతుల్లో ఇమిడిపోతాను. కళ్యాణదుర్గం పాత్రల అంగడిలో సుగుణ నన్ను కొని, నా పొట్టమీద కూతురి పేరు కొట్టించింది, లిఖిత అని. పేరున్న గిన్నెలు ఊళ్లో చాలానే ఉన్నాయి, ఎక్కడైనా తారుమారవుతాయని కొట్టించుకున్నవి. నేను తారుమారైతే మాత్రం ఒక ప్రాణం పోతుంది.

లిఖితకు వేరుశనగ పడదు. ఒక్క పలుకు నోట్లో పడినా పెదాలు వాచి, గొంతు మూసుకుపోతుంది. పుట్టిందేమో చుట్టూ వేరుశనగ చేలున్న సీమలో, పచ్చడిలోనూ పొడిలోనూ అది లేకపోతే వంటే కాదనుకునే మనుషుల మధ్య. "ఒక్క పలుక్కేమైతాది, తింటా తింటా అలవాటైతాదిలే" అని సుగుణకు చెప్పని చుట్టం లేడు. ఆ పిల్ల ఊపిరాడక గిలగిల్లాడటం వాళ్లెవరూ చూడలేదు మరి. బళ్లో అందరూ డబ్బాలు తెరిచి పంచుకుంటుంటే లిఖిత నన్ను ఒళ్లో పెట్టుకుని చివరి బెంచీలో తినేది. పెళ్లిళ్లకూ నేను వెంటే. బయటికెళ్తే నాలో ఉన్నదే తినాలని ఆ తొమ్మిదేళ్ల పిల్లకు నేర్పారు.

ఒకరోజు పక్కింటి ఓబులమ్మవ్వ పెరుగు తోడుకోసం వస్తే, సుగుణ తొందరలో నాలోనే వేసి ఇచ్చింది. తీసుకెళ్లిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మా వీధిలో పెద్ద నామోషీ. పిల్ల సంగతి అవ్వకు తెలుసు. అందుకే నాలో పెట్టివ్వడానికి చేసిన నిప్పట్లలో, అదే బియ్యప్పిండి చెక్కల్లో, వేరుశనగ పప్పులు మానేసి పచ్చిశనగపప్పు వేసింది. కాల్చింది మాత్రం గానుగ పట్టించిన వేరుశనగ నూనెలో. పుట్టినప్పటి నుంచీ వాడుతున్న ఆ నూనె ఆమె లెక్కలో వేరుశనగే కాదు.

మరునాడు సాయంత్రం అవ్వ నన్ను గడప పక్కన పెట్టి వెళ్లింది. సుగుణ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. బడినుంచి వచ్చిన లిఖిత తన పేరు చూసింది, మూత తీసింది. సగం నిప్పట్టు తిన్నదో లేదో గొంతు పట్టుకుంది. నేను చేతిలోంచి జారి బండలమీద పడ్డాను. అరవలేని నేను ఆ చప్పుడొక్కటే చేయగలిగాను. సుగుణ పరుగెత్తుకొచ్చి, ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే సూదిమందు తొడలో పొడిచి, పిల్లను ఆటోలో ఆస్పత్రికి చేర్చింది. ఏం తిన్నదో డాక్టరుకు చూపించాలని నన్నూ సంచిలో వేసుకుంది.

పిల్ల బతికింది. ఆస్పత్రి వరండాలో ఓబులమ్మవ్వ ఏడుస్తూ కూలబడింది.

"ఒక్క పలుకు గూడా ఎయ్యలేదు సుగుణా, నా మనవరాలి మీద ఒట్టు!"

"నూనె ఏందవ్వా?"

అవ్వ నూనె మరకలంటిన తన కొంగు వైపు చూసుకుంది.

నెలరోజులు ఆమె మా గడప తొక్కలేదు. చివరికి లిఖితే నాలో పాయసం పోయించుకుని వెళ్లి, "నా గిన్నె నువ్వే తెచ్చియ్యాలవ్వా" అని చెప్పి వచ్చింది.

అవ్వ కొత్త పీచు, కొత్త సబ్బు కొని నన్ను మూడుసార్లు తోమింది. డెబ్బై ఏళ్లలో ఎవరి గిన్నెనూ ఉత్తగా పంపని మనిషి, నన్ను కొంగుకింద దాచుకుని దొంగలా వచ్చింది.

లిఖిత మూత తీసి చూసింది. "ఏమీ లేదేందవ్వా?"

"ఏమీ లేదు తల్లీ. ఏమీ ఎయ్యకుండా తెచ్చినా."

సుగుణ నన్ను మళ్లీ కడగబోతే లిఖిత వద్దంది. అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, అలాగే నాలో అన్నం పెట్టించుకుని తిన్నది.