వేడి మీద చూసిన సూది

జ్ఞానదాసు ఆఖరి సిలిండర్ మెడకు పైపు బిగించి, ముందు కార్బన్ డయాక్సైడ్ వాల్వు తిప్పాడు. మీటరులో సూది మెల్లగా లేచి ముప్పై దగ్గరికి వచ్చింది. ఆపాడు. ఇక ఆర్గాన్. అది చేరి సూది నూట యాభైకి ఎక్కితే వెల్డింగ్ షాపులవాళ్లు అడిగే మిశ్రమం తయారైనట్టు. శంషాబాద్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఏళ్లుగా ఆయన పని ఇదే. వాల్వు చక్రాలు తిప్పీ తిప్పీ కుడి అరచేయి కాయలు కాసింది. గ్యాసు బుసకు ఎడమ చెవి సగం మొద్దుబారింది.

ఇవాళ ఆ చేయి ఒకచోట నిలవడం లేదు. మాటిమాటికీ జేబులోంచి ఫోను తీస్తున్నాడు, మళ్లీ పెట్టేస్తున్నాడు.

సాయంత్రం తమ్ముడు డేవిడ్ రాజు ఇల్లు ఖాళీ చేసి పోతున్నాడు. పహాడీ షరీఫ్ దగ్గర గది దొరికిందట. ఇల్లంటే కొత్వాల్‌గూడలో ఒకటే అర్ర, ఒంటి గది. మధ్యలో చనిపోయిన అమ్మ ఆకుపచ్చ చీర అడ్డం కట్టుకుని ఇటు దాసు, భార్య సునీల. అటు డేవిడ్, భార్య యేసమ్మ. రాత్రి అటువైపు దగ్గు వినబడితే ఇటునుంచి చీర కిందుగా నీళ్ల చెంబు జరిగేది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఆడవాళ్లకు మాటామాటా పెరిగింది. ఎండన పడి వచ్చిన దాసు, “ఈ అర్ర ఇద్దరికి సాలదు” అనేశాడు. చీర అవతల నుంచి డేవిడ్, “పోతం తీ అన్నా” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అదే దాసును అప్పటినుంచి నిద్రపోనివ్వడం లేదు.

పోవద్దని చెప్పాలి. అది ఫోనులో చెప్పే మాట కాదు. సామాన్ల బండి కదలకముందే ఇల్లు చేరాలి.

ఆర్గాన్ వాల్వు ఒక్కసారే పూర్తిగా తిప్పేశాడు. పైపు అదిరింది. సూది గబగబా ఎగబాకి నూట యాభై మీద నిలబడింది. వాల్వు మూసి, అలవాటు కొద్దీ సిలిండర్ భుజం మీద అరచేయి వేశాడు. చురుక్కుమంది.

తొందరగా నింపితే సిలిండర్ కాలుతుంది. ఆ వేడికి సూది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చల్లారితే దిగిపోతుంది. వేడి మీద సూది చెప్పింది నమ్మొద్దని కొత్తవాళ్లకు మొదట చెప్పేది తనే. గోనెసంచి తడిపి సిలిండర్‌కు చుట్టాడు.

బయట లారీ దగ్గర డ్రైవర్ చెన్నయ్య నవ్వాడు. “ఏందే దాసన్న, దానికి తానం బోస్తున్నవా? పెండ్లికొడుకును జేస్తున్నవా?”

దాసు సంచి మీద చెంబెడు నీళ్లు పోశాడు. సూపర్‌వైజర్ జగదీశ్ లోపలి నుంచి వచ్చి ఆయన మొహం చూశాడు. “ఇంటికి పోయేదుంటే పో దాసన్నా. మిగిలింది నేను చూస్త.”

“తొందరపడి వేడి జేసింది నేను సారూ. నేనే సల్లార్చాలె.”

ఈ జగదీశే ఒకసారి చాయ్ తాగుతూ చెప్పాడు. “ఆర్గాన్ వస్తుందని లోపలున్నది పక్కకు జరగదు దాసన్నా. రెండూ సిలిండరంతా నిండుతయి. దాని ముప్పై దానిదే, దీని నూట ఇరవై దీనిదే. మీటర్ల రెండూ కలిసి కనబడతయి, గంతే.” దాసు అప్పుడు నవ్వి, “మా అర్ర లెక్కనే సారూ” అన్నాడు.

గోనెసంచి మీద ఇంకో చెంబు నీళ్లు పోశాడు. ఆదివారం నాడు తన సూదీ వేడి మీద ఉంది. తమ్ముడు ఆ సూదినే చూసి పోతున్నాడు.

చల్లారేసరికి నూట ముప్పై ఐదుకు దిగింది. ఈసారి వాల్వు నిదానంగా తిప్పి తగ్గింది నింపాడు. లోపల రెండూ బాగా కలవడానికి సిలిండర్‌ను నేల మీద పడుకోబెట్టి, షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు దొర్లించాడు. లారీకి ఎక్కించి సైకిలు తీశాడు. దారంతా నిలబడే తొక్కాడు. నెత్తి మీదుగా విమానం దిగుతుంటే తలెత్తలేదు.

వాకిట్లో బండి చక్రాల గాట్లు ఉన్నాయి. సునీల గడప మీద కూర్చుని ఉంది.

“పోయిండ్రా?”

“ఇంతకుముందే. నువ్వొస్తవని డేవిడ్ బండాయనకు చాయ్ తాగిపిచ్చి ఆపిండు. అదైనంక మళ్ల తాగిపిచ్చిండు. ఇగ ఆయన గులుగుడు వెట్టిండు.”

దాసు ఫోను చేశాడు. బండి చప్పుడులోంచి డేవిడ్ గొంతు వచ్చింది.

“అన్నా, అమ్మ చీర విప్పలే. ఆడనే ఉంచినం.”

దాసు నోరు తెరిచాడు. అవతల యేసమ్మ ఏవో గిన్నెలు పట్టుకొమ్మంటోంది.

“సరే. పైలంగ పోండ్రి” అన్నాడు.

లోపలికి వెళ్లాడు. అటువైపు నేల ఊడ్చి, నీళ్లతో తుడిచి ఉంది. తడి ఇంకా ఆరలేదు.

“ఇగ విప్పుదామా?” అంది సునీల.

“ఉండనీ.”

ఫ్యాను ఎప్పటిలాగే ఇటువైపు తిరుగుతోంది. ఆకుపచ్చ చీర ఖాళీ అయిన వైపుకు కడుపులా ఉబ్బి, మెల్లగా వెనక్కి వచ్చి, తన పాత గీత మీదే నిలబడింది.