మొరెట్టాకు దారి

మెంగియాకు సామ్రాజ్యాలతో ఎప్పుడూ పని పడలేదు. పడమటి కనుమ అవతల బర్గండీ చక్రవర్తి, తూర్పు కనుమ అవతల హంగేరీ చక్రవర్తి ఉన్నారని, ఒకరి పొడ ఒకరికి గిట్టదని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న సోల్వా లోయలో మూడు ఊళ్ళు, ఒక వంతెన, మనుషులకంటే ఎక్కువ ఆవులు. ఒకప్పుడు లోయకు ఒక ప్రభువు ఉండేవాడు. ఆయన వంశం అంతరించి నలభై ఏళ్ళయింది. గద్దె ఖాళీగానే ఉంది. దానివల్ల ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో ఇద్దరు చక్రవర్తులకూ ఒకేసారి ఆ గద్దె గుర్తొచ్చింది. లోయతో ఒప్పందం చేసుకుందామని చెరొక దూతను పంపారు. పడమటి నుంచి వోక్లాన్ ప్రభువు బండి, తూర్పు నుంచి కెరెష్టి ప్రభువు బండి సరిగ్గా వంతెన నడిమధ్యన ఎదురుపడ్డాయి. వంతెన ఒక్క బండి పట్టేంత వెడల్పు. వెనక్కి తగ్గినవాడి చక్రవర్తి తక్కువవాడైపోతాడు. కాబట్టి ఎవరూ తగ్గలేదు. ఆరు రోజులైంది. గుర్రాలను విప్పి మేతకు తోలేశారు. దూతలు మాత్రం బండ్లలోనే తిని, బండ్లలోనే పడుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి గడ్డం గీయించుకుంటున్నారు.

మెంగియా ఆవులు తొమ్మిదీ తూర్పు కొండమీద ఉన్నాయి. ఇల్లు, కొట్టం, ఎండుగడ్డి అన్నీ వంతెనకు ఇవతల. పైన గడ్డి అయిపోయింది. శిఖరం మీద మబ్బు దట్టంగా దిగుతోంది. మంచు పడేలోపు కిందికి రాకపోతే ఆవులు అక్కడే బిగుసుకుని చస్తాయి. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది ఆ తొమ్మిదే.

"ఒరేయ్ దూరీ, వీళ్ళని కదిలిస్తావా లేదా?" అని వంతెన కాపలాదారు మీద విరుచుకుపడింది.

"నన్నేం చెయ్యమంటావే ముసలి గాడిదా! ఇద్దరూ ఒక్కసారే వెనక్కి జరగండి బాబూ అన్నా. ముందు ఎవరి చక్రం తిరగాలని మూడు రోజులు వాదించుకున్నారు."

"మీసం దువ్వుకోడానికి తప్ప దేనికీ పనికిరావు."

"పోనీ నువ్వెళ్ళి మాట్లాడు. నీ నోటికి జడిసి ఇద్దరూ ఏట్లో దూకుతారు."

దూరీది పక్కిల్లే. దడి అడ్డంగా ఉన్నా ముప్ఫయ్యేళ్ళుగా పొద్దున్నే ఈ తిట్లు పడితేగాని ఇద్దరికీ రోజు మొదలవదు. మెంగియా కోకెత్తి కట్టి, రోజూ పాలు పిండడానికి వెళ్తున్నట్టే రెండు బండ్ల కిందనుంచీ పాక్కుంటూ అవతలికి వెళ్ళి కొండెక్కింది.

మధ్యాహ్నానికి గంటల మోతతో కిందికి దిగింది. అన్నిటికంటే ముందు మొరెట్టా. వేసవి మొదట్లో మందలోని ఆవులు కొమ్ములు కలబెట్టి తేల్చుకుంటాయి. నెగ్గినదే ఆ ఏడు ముందు నడుస్తుంది. మొరెట్టా మూడేళ్ళుగా నెగ్గుతోంది. మెడలో బుంగంత గంట, కొమ్ములకు పూలు. వంతెన మీదికి రాగానే దానికి కెరెష్టి బండి వెనకభాగం అడ్డొచ్చింది. కొమ్ములు ఆనించి ఒక్క కుమ్ము కుమ్మింది.

కిటికీలోంచి సగం గీసిన గడ్డం బయటికొచ్చింది. "ఎవరిదీ పశువు?"

"నాదే దొరా. ముందు నడిచే ఆవు. దిగొచ్చే రోజున దీనికి ఎవరూ ఎదురు నిలబడకూడదు. మా రివాజు అది. మా ప్రభువే గుర్రం దిగి, టోపీ తీసి, మురిక్కాలవలో నిలబడేవాడు."

టోపీ మాట వినగానే అవతలి బండి కిటికీ కూడా తెరుచుకుంది. "తీసేవాడా? పూర్తిగానా, అంచు తాకి వదిలేసేవాడా?" అని అడిగాడు వోక్లాన్.

"పూర్తిగానే. వానలో కూడా."

దూతలిద్దరూ రాతకోతలు చూసే తమ తమ రాయసగాళ్ళను పిలిపించుకున్నారు. చాలాసేపు గుసగుసలు నడిచాయి.

"అంటే హోదాలో ఈ ఆవుగారు ప్రభువుకంటే పెద్ద," అన్నాడు వోక్లాన్.

"ప్రభువు ఎలాగూ లేడు. కాబట్టి దేశాధినేత ఈవిడే," అన్నాడు కెరెష్టి. "అధినేతకు దారివ్వడం ఏ చక్రవర్తికీ చిన్నతనం కాదు."

"నేను దారిస్తున్నది నీకు కాదు, ఆవుకి. రాసుకో!"

"నేనూ ఆవుకే. నువ్వూ రాసుకో!"

మెంగియా మందను గట్టు పక్కకి మళ్ళించింది; బంట్రోతులు తోస్తే బండ్లు చెరోవైపుకూ వెనక్కి జరిగాయి. మొరెట్టా ఎవరినీ చూడకుండా వంతెన దాటింది. తొమ్మిదీ కొట్టంలోకి చేరాక మొదటి మంచు తునకలు రాలాయి. మెంగియా ఇంటి తలుపుకు ఆనుకుని కాసేపు హాయిగా ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని, పీటా చెంబూ పట్టుకుని పాలు పిండబోతే ఈటెలు అడ్డొచ్చాయి. దూతలు మంద వెంటే వచ్చేశారు; మొరెట్టా చుట్టూ వాళ్ళ బంట్రోతులు కాపలా ఉన్నారు. పేడ మీద తివాచీ పరిచి ఉంది.

"దేశాధినేతను ముట్టుకోడానికి తమరి హోదా ఏమిటి?" అన్నాడు కెరెష్టి.

"పొదుగు పగిలిపోతోంది దొరా, అరుపు వినబడట్లా?"

వినబడుతోంది. అందుకే ఆ సేవా భాగ్యం ఎవరిదని దూతలు అప్పటికే కొట్టుకుంటున్నారు. చివరికి చెరో రెండు చన్నులూ పంచుకున్నారు. కుడిపక్క కోసం మళ్ళీ తగువు. చీటీ వేస్తే ఆ భాగ్యం కెరెష్టికి దక్కింది. తొడుగులు వేసుకున్న చేతులతోనే అందుకోబోయాడు. మొరెట్టా ఒక్క తన్ను తన్నింది. కెరెష్టి ప్రభువు వెళ్ళి పేడకుప్పలో కూర్చున్నాడు.

"తప్పుకోండి!" అంటూ మెంగియా ఈటెలను తోసుకుని లోపలికొచ్చింది. రోజూ సాయంత్రం చేసినట్టే మొరెట్టా తల వంచి, నుదురు ఆవిడ గుండెకు ఆనించింది.



"అధినేత ఈమెకు తల వంచింది," అన్నాడు వోక్లాన్ గొంతు తగ్గించి. టోపీ తీశాడు. పేడకుప్పలోంచి కెరెష్టి కూడా తీశాడు. వారం రోజుల్లో మొదటిసారి, ముందెవరు వెనకెవరు అని ఇద్దరూ చూసుకోలేదు.

గుమ్మంలో నిలబడ్డ దూరీ కూడా, ఏ ఎండకీ వానకీ ఊడని ఉన్నిటోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

"అమ్మగారూ, తమరి చెంబు నన్ను పట్టుకోమంటారా?"

వెటకారం కాదు. కళ్ళు నేలమీదే ఉన్నాయి. మెంగియాకు మొగుడు పోయినప్పుడు కూడా, మర్నాడు పొద్దున్నే దడి అవతల నుంచి తిట్టు వినబడింది. అది విని లేచి పొయ్యి రాజేసుకుంది. రేపు లేవడమెట్లా?

"మొదటి ఆజ్ఞ సెలవియ్యండి," అన్నాడు వోక్లాన్. రాయసగాళ్ళిద్దరూ కలాలు సిరాలో ముంచారు.

"రాసుకోండి. ఈ దూరీగాడు నన్ను ఎప్పుడూ పిలిచేటట్టే పిలవాలి."

దూరీ ఈటెల వంక చూశాడు. "చిత్తం..."

"ఊఁ? చిత్తం, ఏంటి?"

"చిత్తం, ముసలి గాడిదా."

రెండు సామ్రాజ్యాల రాయసగాళ్ళూ ఆ బిరుదును గుండ్రని అక్షరాలతో రాసుకున్నారు. మెంగియా పీట లాక్కుని కూర్చుంది. మొరెట్టా పొట్టకు నుదురు ఆనించి, ఎవరికీ మొహం కనబడకుండా పాలు పిండడం మొదలుపెట్టింది.